ముక్తినాథ్ యాత్రకు ఆధార్ సరిపోతుందా? ఇంట్లో ఆరుగురం, ఎవరి చేతిలో ఏ కార్డు ఉండాలి?

గౌతమి_గట్టు (అమలాపురం)

అందరికీ నమస్కారం. మే నెలలో మా ఇంటిల్లిపాదీ నేపాల్ యాత్రకు బయలుదేరుతున్నాం. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సులో సొనౌలీ దగ్గర సరిహద్దు దాటి భైరహవా, పోఖరా, ముక్తినాథ్. చివర కాఠ్మాండూలో పశుపతినాథుని దర్శనం చేసుకుని, పెద్దవాళ్లు అలసిపోతారని ఢిల్లీకి విమానం టికెట్లు తీయాలనుకుంటున్నాం.

నాన్నగారికి 68, అమ్మకు 61. అమ్మాయికి 16, ఇంటర్ మొదటి సంవత్సరం. అబ్బాయికి 9. నేను, మా ఆవిడ నడివయసు వాళ్లం. పాస్‌పోర్టు నాకు ఒక్కడికే ఉంది, అదీ ఆగస్టులో ముగుస్తుంది. మమ్మల్ని తీసుకువెళ్లే బృందం నాయకుడు "అందరూ ఆధార్ తెచ్చుకోండి, చాలు" అంటున్నారు. ముక్తినాథ్ నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి కదా, నాన్నగారు ఏళ్ల తరబడి ఆశపడుతున్నారు. అంత దూరం వెళ్లి కార్డు దగ్గర ఆగిపోకూడదు. తెలిసినవారు చెప్పండి.

లంక_రైతు (ముమ్మిడివరం)

మా ఊరి నుంచి కిందటి వేసవిలో రెండు బస్సుల జనం వెళ్లివచ్చారు. అందరి దగ్గరా ఆధారే. సొనౌలీలో బస్సు ఎక్కి ఒకసారి లోపలికి చూశారట, అంతే. దిగమని కూడా అనలేదు. అనవసరంగా కంగారు పడకండి.

యాత్రల_పెద్దాయన (రావులపాలెం)

రైతు గారూ, మీవాళ్లు వెళ్లింది బస్సులో, వచ్చింది బస్సులో. అందుకే ఇబ్బంది కలగలేదు. గౌతమి గారు వెళ్లేది బస్సులో, వచ్చేది విమానంలో. కథంతా అక్కడే మారిపోతుంది.

నేను ఈ జిల్లాల నుంచి యాత్రికులను చాలాకాలంగా ఉత్తరాదికి తీసుకువెళ్తున్నాను. 1950 ఒప్పందం తరువాత భారత్, నేపాల్ మధ్య రాకపోకలకు వీసా లేదు, పాస్‌పోర్టు తప్పనిసరీ కాదు. దాదాపు 1750 కిలోమీటర్ల సరిహద్దులో కంచె లేదు. సశస్త్ర సీమా బల్ వాళ్లు కాపలా ఉంటారు, అనుమానం వస్తే ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఏదో ఒకటి అడుగుతారు. నేల మీద సంగతి ఇది.

విమానం దగ్గర అలా కాదు. మన ప్రభుత్వం ఒప్పుకునేవి ముఖ్యంగా రెండే: గడువున్న పాస్‌పోర్టు, లేదా ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు. 15 నుంచి 65 ఏళ్ల మధ్యవారికి ఆధార్ ఆ పట్టికలో లేదు. కాఠ్మాండూ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్ ఇచ్చే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. ఏడెనిమిది రోజులు నేపాల్‌లో ఎక్కడా ఎవరూ అడగని కార్డును చివరి రోజు, చేతిలో టికెట్ పెట్టుకుని నిలబడినప్పుడు అడుగుతారు. అలా ఆగిపోయిన కుటుంబాలను కళ్లారా చూశాను. మళ్లీ బస్సెక్కి రాత్రంతా కొండదారుల్లో ప్రయాణం చేసి సరిహద్దుకు దిగాలి. మీ నాన్నగారి వయసులో అది చాలా కష్టం.

కాబట్టి మీ ఇంటి లెక్క వేసుకుందాం. నాన్నగారు 65 దాటారు, అబ్బాయి 15 లోపు. ఈ రెండు వయసుల వారికి సడలింపు ఉంది. వయసు, గుర్తింపు తెలిసేలా ఫొటో ఉన్న కార్డు ఉంటే చాలు. మొదట పాన్, డ్రైవింగ్ లైసెన్సు, రేషన్ కార్డు లాంటివే ఒప్పుకునేవారు, 2019 జనవరిలో కేంద్ర హోం శాఖ ఈ ఇద్దరి విషయంలో ఆధార్ కూడా చెల్లుతుందని చెప్పింది. "ఆధార్ చాలు" అనే మాట ఊళ్లలో ప్రచారమైంది బహుశా అక్కడి నుంచే. ఎవరికి చాలు అన్నది మాత్రం వెనకబడిపోయింది.

అమ్మగారికి, మీ ఆవిడకు ఓటరు కార్డు ఉండి తీరాలి. మీ పాస్‌పోర్టు ఆగస్టు దాకా నడుస్తుంది కాబట్టి నేపాల్‌కు అడ్డు లేదు, అయినా ఓటరు కార్డు కూడా జేబులో పెట్టుకోండి. అమ్మాయి విషయం వేరు, అది మాస్టారు గారు చెబితే బాగుంటుంది.

గౌతమి_గట్టు

పెద్దాయన గారూ, ఎంత మేలు చేశారు! ఒక్క సందేహం. ప్రతి పనికీ ఆధార్ అడుగుతారు కదా. బ్యాంకులో అదే, సిమ్ కార్డుకు అదే, రేషన్‌కు అదే. వేలిముద్ర, కనుపాప కూడా అందులోనే ఉన్నాయి. అంతకన్నా గట్టి గుర్తింపు ఇంకేముంటుంది? అది కాదని ఓటరు కార్డు అడగడం ఏమిటి?

భీమవరం_మాస్టారు

మంచి ప్రశ్న. నేను బడిలో పౌరశాస్త్రం చెప్పినవాడిని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఆధార్ మీరు ఫలానా మనిషి అని చెబుతుంది. మీరు ఫలానా దేశపు పౌరులని చెప్పదు. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలల్లో 182 రోజులు ఇక్కడ నివసించిన విదేశీయుడు కూడా ఆధార్ తీసుకోవచ్చు. ఓటరు కార్డు అలా కాదు, అది పౌరులకే ఇస్తారు. నేపాల్‌కు పాస్‌పోర్టు లేకుండా వెళ్లే వెసులుబాటు భారత పౌరులకు ఇచ్చింది, భారతదేశంలో ఉండేవారందరికీ కాదు. సరిహద్దు దగ్గర కూర్చున్న అధికారి అడిగేది "మీరెవరు" అని మాత్రమే కాదు, "మీరు ఏ దేశస్థులు" అని కూడా. బ్యాంకు గుమాస్తాకు ఆ రెండో ప్రశ్నతో పని లేదు.

ముక్తినాథ్ అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలో ఉంది. అక్కడికి అనుమతి పత్రం తీసుకోవాలి. సార్క్ దేశాల వారికి రుసుము తక్కువ, మిగతా విదేశీయులకు ఎక్కువ. ఆ తగ్గింపుకూ పౌరసత్వమే ఆధారం. పాస్‌పోర్టు సైజు ఫొటోలు నాలుగైదు దగ్గర ఉంచుకోండి.

ఇక అమ్మాయి సంగతి. 15 నుంచి 18 ఏళ్ల వారికి ఓటరు కార్డు ఉండదు, పాస్‌పోర్టు లేకపోతే విద్యాసంస్థ ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు ధ్రువపత్రం కావాలి. దానికి నిర్ణీత నమూనా ఉంది. ఫొటో అంటించి, దాని మీదికి వచ్చేలా సంతకం, ముద్ర వేయించాలి. మీరు మే నెలలో వెళ్తానంటున్నారు. మార్చి పరీక్షలు అయిపోగానే కాలేజీ ఖాళీ అవుతుంది, ప్రిన్సిపాల్ గారు మూల్యాంకన విధులకు వెళ్లిపోతారు. ఇప్పుడే అడగండి. రెండు ప్రతులు తీసుకోండి.

కుటుంబం కలిసి వెళ్తున్నప్పుడు పెద్దవాళ్లలో ఒకరి దగ్గర పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉంటే, మిగిలినవారు ఫొటోతో పాటు బంధుత్వం తెలిపే పత్రం చూపి వెళ్లవచ్చన్న నిబంధన కూడా ఉంది. భార్య, భర్త, మైనరు పిల్లలు, తల్లిదండ్రులు దానికిందికి వస్తారు. ఉన్న మాట కాబట్టి చెబుతున్నాను. దాని మీదే ఆధారపడి బయలుదేరమని మాత్రం చెప్పను. కౌంటర్‌లో కూర్చున్న కుర్రవాడికి ఆ నిబంధన తెలిసి ఉండాలి, మీ రేషన్ కార్డు మీద తెలుగులో రాసిన బంధుత్వం అతనికి అర్థం కావాలి. ఆ వాదన పెట్టుకునే బదులు ఎవరి కార్డు వారి దగ్గర ఉండటమే నయం.

లంక_రైతు

ఒప్పుకుంటున్నాను మాస్టారూ. విమానం సంగతి మావాళ్లకు ఎదురు కాలేదు. మా మేనల్లుడు భూటాన్ వెళ్దామంటున్నాడు, దానికీ ఇదేనా?

యాత్రల_పెద్దాయన

భూటాన్‌కు ఇంకొంచెం గట్టిగా చూస్తారు. జైగావ్ దాటి ఫుంట్‌షోలింగ్‌లో అనుమతి తీసుకోవాలి. పెద్దవారికి కనీసం ఆరు నెలల గడువు మిగిలిన పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు, పిల్లలకు జనన ధ్రువపత్రం. మనవాళ్లకు రాత్రికి మనిషికి 1200 రూపాయల రుసుము కూడా ఉంది, లెక్కలో వేసుకోమనండి. ఓటరు కార్డు అసలు ప్రతి పట్టుకెళ్లాలి. ఫోనులో ఫొటో చూపితే కుదరదు.

గౌతమి_గట్టు

ఇంట్లో బీరువా అంతా వెతికాం. అమ్మ ఓటరు కార్డు దొరికింది కానీ అందులో పేరుకు ముందు "వెంకట" లేదు. ఆధార్‌లో ఉంది. మా ఆవిడ కార్డు ఇంకా పుట్టింటి చిరునామాతోనే, పాలకొల్లు. పైగా నాది, అమ్మది తూర్పు గోదావరి జిల్లా అని ఉన్నాయి. ఇప్పుడు మాది కోనసీమ జిల్లా కదా. ఇవన్నీ మార్పించాలా?

భీమవరం_మాస్టారు

జిల్లా పేరు గురించి మనసు పాడుచేసుకోకండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి, అంతకు ముందు ఇచ్చిన కార్డులు చెల్లకుండా పోలేదు. రాజమండ్రిలో పుట్టినవారి పాస్‌పోర్టులో పాత పేరే ఉంటుంది, 2015లో ఊరు రాజమహేంద్రవరం అయినంత మాత్రాన ఎవరూ వెనక్కి పంపలేదు. మీ ఆవిడ చిరునామా పాలకొల్లుదైనా ప్రయాణానికి నష్టం లేదు. ఊరు మారినందుకు ఎటూ ఓటు మార్చుకోవాలి, అది వేరే పని.

పేరు మాత్రం తేలికగా తీసుకోవద్దు. అమ్మగారి ప్రయాణానికి చూపేది ఓటరు కార్డు కాబట్టి, విమానం టికెట్ మీద ఓటరు కార్డులో ఉన్న పేరే అక్షరం పొల్లు పోకుండా రాయించండి. ఆధార్ చూసి "వెంకట" చేర్చి టికెట్ తీస్తే రెండింటికీ పొంతన ఉండదు. తరువాత తీరికగా ఫారం 8 పెట్టి కార్డు సరిచేయించండి. బూత్ స్థాయి అధికారికి ఇవ్వవచ్చు, ఆన్‌లైన్‌లోనూ పెట్టవచ్చు.

మన పేర్ల చిక్కు మీ ఒక్క ఇంటిది కాదు. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. బడి రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించి రాస్తారు. పాస్‌పోర్టు దరఖాస్తులో అలా పొడి అక్షరాలు పెట్టనివ్వరు, ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయాలి. కొందరు ఆ గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరును ఒకే గడిలో పెట్టేస్తారు. ఒక్క మాట పేరుతో పాస్‌పోర్టు వచ్చినవారికి 2022 నవంబరు నుంచి యూఏఈ సందర్శక వీసా మీద ప్రవేశం ఆపేసింది. ఇంటిపేరు మనం ఎంతో మమకారంతో చెప్పుకుంటాం, పాస్‌పోర్టులో మాత్రం దానికి చోటు ఇవ్వడం మరిచిపోతాం. పిల్లలకు మొదటిసారి పాస్‌పోర్టు తీసేవారు ఆ గడి దగ్గర రెండు నిమిషాలు ఆగండి.

నరసాపురం_అక్క

మాస్టారు గారు గల్ఫ్ మాట ఎత్తారు కాబట్టి నేనూ రాస్తున్నాను. విషయం పక్కకు పోతుందనుకుంటే క్షమించండి, కానీ మన గోదావరి జిల్లాల్లో సరిహద్దు దాటే ఆడవాళ్లలో ఎక్కువమంది తీర్థయాత్రలకు వెళ్లేవారు కాదు. కువైట్‌కు, మస్కట్‌కు, దుబాయ్‌కు ఇళ్లలో పనికి వెళ్లేవాళ్లు. నేను మహిళా సంఘంలో పని చేస్తాను. నెలకు ఒక్కరైనా కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తారు.

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద వలస అనుమతి తప్పనిసరి అని ముద్ర ఉంటుంది. దాన్నే ఈసీఆర్ అంటారు. గల్ఫ్ దేశాలతో పాటు మలేసియా, లెబనాన్, ఇరాక్ వంటివి కలిపి 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే ఆ ముద్ర ఉన్నవారు ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా అనుమతి పొందాలి. ఆడవాళ్లకైతే కనీసం 30 ఏళ్లు నిండాలి. ఏజెంటు ఇక్కడే దారి తప్పిస్తాడు. "సందర్శక వీసా మీద వెళ్లు, అక్కడ పని వీసాగా మార్పిస్తాం, అనుమతి గొడవే ఉండదు" అంటాడు. పాస్‌పోర్టు అసలైనదే, వీసా అసలైనదే. అయినా అమ్మాయి చేతిలో ఉన్నవి తప్పు కాగితాలు. ఎందుకంటే చుట్టపుచూపుగా వెళ్లినట్టు రాసి ఉంది కానీ పనికి వెళ్లినట్టు ఎక్కడా లేదు. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, ఆమె అక్కడ పనిచేస్తున్నట్టు మన ప్రభుత్వం దగ్గర ఒక్క ముక్క ఉండదు. అనుమతితో వెళ్తే ఒప్పందం ఉంటుంది, ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు కడితే పది లక్షల ప్రమాద బీమా. ఆ 275 మిగిలిందని ఎవరూ సంతోషించకండి.

అక్కడికి దిగాక పాస్‌పోర్టు యజమాని తీసుకోవడం చాలామంది మామూలే అనుకుంటారు. కాదు. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి అని 1967 చట్టంలోనే ఉంది. కువైట్ 2015లో తెచ్చిన ఇంటిపనివారి చట్టం కూడా యజమాని దాన్ని దాచుకోకూడదంటుంది. వెళ్లేముందు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం మూడింటి నకళ్లు ఇంట్లో ఒకటి, మీ ఫోనులో ఒకటి ఉంచండి. పాస్‌పోర్టు చేతికి రాకపోయినా ఎంబసీ అత్యవసర ధ్రువపత్రం ఇస్తుంది, మనవాళ్లు ఔట్‌పాస్ అంటారు. దానితో ఇంటికి ఒక్కసారి రావచ్చు, మరెక్కడికీ వెళ్లలేరు. పాత పాస్‌పోర్టు నంబరు తెలిస్తే ఆ పని ఎంత త్వరగా అవుతుందో నేను చూశాను.

కాకినాడ_నావికుడు

అక్క చెప్పింది అక్షరాలా నిజం. మా వృత్తిలోనూ ఇలాంటి అయోమయం ఉంది. శిక్షణ పూర్తి చేసిన కుర్రాళ్లు సీడీసీ చేతికి రాగానే అదే పాస్‌పోర్టు అనుకుంటారు. అది ఓడ మీద చేసిన సేవను నమోదు చేసే పుస్తకం. ఏ ఓడలో ఎప్పుడు ఎక్కాం, ఎప్పుడు దిగాం, అన్నీ అందులో ముద్రలుగా పడతాయి. నావికుడి గుర్తింపు పత్రం మళ్లీ వేరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 185వ ఒడంబడిక ప్రకారం ముఖం వివరాలతో ఇచ్చే కార్డు అది, మన దేశం 2020లో మొదలుపెట్టింది. ఓడ రేవులో ఆగినప్పుడు ఊళ్లోకి దిగడానికి అది ఎక్కువగా పనికొస్తుంది. విమానమెక్కి ఓడ ఉన్న దేశానికి వెళ్లాలంటే మాత్రం పాస్‌పోర్టు కావలసిందే. మూడూ ఉండాలి, మూడింటిలోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి.

ఇంకొక మాట. మా వాళ్లు, తరచూ తిరిగే వ్యాపారులు 36 పేజీల పాస్‌పోర్టు బదులు 60 పేజీలది తీసుకోండి. 1500 బదులు 2000 అవుతుంది. పేజీలు నిండి మళ్లీ తిరగడం కన్నా అదే మేలు.

యానాం_పిల్ల

నాకూ ఒక సందేహం, ఇక్కడే అడగవచ్చా? మా పిన్నివాళ్లది ఫ్రెంచి పౌరసత్వం. 1962లో యానాం అప్పగింత ఒప్పందం అమలులోకి వచ్చినప్పుడు ఆరు నెలల్లోపు కోరుకున్నవారు ఫ్రెంచి పౌరులుగానే ఉండవచ్చన్నారు, మా తాతయ్యగారు అలా సంతకం చేశారు. పిన్నివాళ్లు ఫ్రాన్స్‌లో ఉంటారు, విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డులు ఉన్నాయి. వేసవికి వచ్చి మాతో నేపాల్ వెళ్తామంటున్నారు. ఓసీఐ ఉంది కాబట్టి మనలాగే వెళ్లిపోవచ్చునని మా అన్నయ్య అంటున్నాడు.

యాత్రల_పెద్దాయన

అమ్మా, మీ అన్నయ్యను ఆ మాట మీద ఉండనివ్వకు. ఓసీఐ అంటే భారత్‌లోకి జీవితకాలం వచ్చిపోయే వీసా, అంతే. పౌరసత్వం కాదు. మన రాజ్యాంగం రెండు దేశాల పౌరసత్వాన్ని ఒప్పుకోదు. నేపాల్ అధికారికి పిన్నిగారు ఫ్రెంచి పౌరురాలు, కాబట్టి ఫ్రెంచి పాస్‌పోర్టు మీద నేపాల్ వీసా కావాలి. సరిహద్దులోనే ఇస్తారు, పదిహేను రోజులకు 30 డాలర్లు. డాలర్లు నగదుగా దగ్గర ఉంచుకోమను.

అంతకన్నా ముఖ్యమైనది ఒకటి ఉంది, దీన్ని బృంద నాయకులు చాలామంది మరచిపోతారు. సొనౌలీలో మనవాళ్ల బస్సు ఆగకుండా సాగిపోతుంది. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు అలా పోకూడదు. రోడ్డు పక్కన మన ఇమిగ్రేషన్ కార్యాలయం ఉంటుంది, కొత్తవారు దుకాణాల వరుసలో దాన్ని గుర్తుపట్టలేరు. అక్కడ దిగి భారత్ నుంచి బయలుదేరినట్టు ముద్ర వేయించుకోవాలి, తరువాత అవతల నేపాల్ ప్రవేశ ముద్ర. జనం మధ్య కలిసిపోయి ముద్ర లేకుండా దాటితే, తిరిగి వచ్చేటప్పుడు రెండు దేశాల్లోనూ సమాధానం చెప్పుకోవాలి. డ్రైవరుకు ముందే చెప్పి బస్సు ఆపించండి.

పిల్లలు ఉన్నారా? ఇరవై ఏళ్లు నిండాక కొత్త పాస్‌పోర్టు తీసుకున్నవారు ఓసీఐ కార్డు ఒకసారి తిరిగి చేయించుకోవాలి. అది అయిందో లేదో చూసుకోమను.

యానాం_పిల్ల

చెల్లికి ఇరవై రెండు. కిందటేడే కొత్త పాస్‌పోర్టు వచ్చింది. ఓసీఐ మార్పించలేదు. ఇప్పుడే పిన్నికి ఫోను చేస్తాను. చాలా కృతజ్ఞతలు అండీ.

లంక_రైతు

నాదీ ఒకటి ఉంది. మా అబ్బాయి పాస్‌పోర్టు 2022 జులై వరదలో తడిసింది. ట్రంకు పెట్టెలోకి నీళ్లు వచ్చాయి. ఎండలో ఆరబెట్టాం. ఫొటో ఉన్న పేజీ అంచు లేచింది, లోపలి రెండు పేజీలు అంటుకుపోయాయి. పేరు, నంబరు స్పష్టంగానే కనబడుతున్నాయి. ఇంకా గడువుంది. వాడు ఖతార్ వెళ్తానంటున్నాడు, దానితో వెళ్లవచ్చా?

భీమవరం_మాస్టారు

వద్దు. ఫొటో పేజీ అంచు లేచిందంటే ఎవరో విప్పి మార్చారేమో అన్న అనుమానం వస్తుంది. వరద అని మనం ఇక్కడ చెబితే అందరికీ అర్థమవుతుంది, దోహాలో కూర్చున్నవారికి గోదావరి ఏమి తెలుస్తుంది? దెబ్బతిన్న పాస్‌పోర్టుగా దరఖాస్తు పెట్టి కొత్తది తీసుకోండి. గడువు ఉండగా మార్చుకుంటే 36 పేజీలదానికి 3000 రూపాయలు, తత్కాల్ కావాలంటే మరో 2000. పాతది పారేయకండి, దాన్నే తీసుకువెళ్లి చూపాలి. అంటుకున్న పేజీలను ఇంట్లో విడదీసే ప్రయత్నం చేయవద్దు, చిరిగితే ఉన్న నంబరు కూడా పోతుంది.

అబ్బాయి పదో తరగతి పాసయ్యాడా? అయితే ఆ మెమో కూడా పెట్టండి, ఈసీఆర్ ముద్ర లేకుండా వస్తుంది. పాత పాస్‌పోర్టులో ముద్ర ఉన్నా ఇప్పుడు తీయించుకోవచ్చు.

లంక_రైతు

పాసయ్యాడు మాస్టారూ. మెమో మాత్రం వరదకు దొరకలేదు, మా అక్కగారింట్లో ఉంది. రేపే తెప్పిస్తాను.

గౌతమి_గట్టు

ఈ రోజు అమ్మాయి కాలేజీకి వెళ్లి వచ్చాను. ఆ నమూనా వారి దగ్గర లేదు, నేను ప్రింటు తీసి ఇచ్చాను. ప్రిన్సిపాల్ గారు రెండు ప్రతులకూ ఫొటో మీదుగా ముద్ర వేసి ఇచ్చారు. అమ్మ టికెట్ ఓటరు కార్డు పేరుతోనే తీశాం. మా ఆవిడ కార్డు పాలకొల్లు నుంచి మా బావమరిది ఆదివారం తెస్తున్నాడు. బృందంలో మిగతా ఇళ్లవారికి కూడా ఈ చర్చ చూపించాను. విమానంలో తిరిగివచ్చే వారిలో ముగ్గురికి ఓటరు కార్డే లేదట, ఇద్దరు కొత్త ఓటరుగా నమోదుకు ఫారం 6 పెట్టారు. ఒకామె కార్డు వేళకు రాకపోతే బస్సులోనే వెనక్కి వస్తానన్నారు. ఆమెకు తోడుగా మా నాయకుడు కూడా బస్సులోనే వస్తారు.